కాలిన కొండ మీద పురుగుల లెక్క

1945 మార్చి 31, శనివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా నాన్న కొండ గడ్డికి నిప్పు పెట్టాడు. మా ఇంట్లో గడియారం లేదు. ఊరికి తూర్పున రాళ్ల క్వారీలో తూటాలు పేల్చే ముందు, సరిగ్గా రెండింటికి, గంట కొట్టేవాళ్లు. ఆ గంట విన్నప్పటి నుంచి నేను ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆరువందల దగ్గరికి వచ్చేసరికి నాన్న ఊదుతున్న పిడక అంటుకుంది. నిప్పుల కుండ కొండ దాకా మోసుకొచ్చింది నేనే. నాకప్పుడు పదకొండేళ్లు.

ఎండు బోదగడ్డిని వేసవి మొదట్లో కాలిస్తే తొలివానకు లేతగడ్డి లేస్తుంది. మా వైపు గొర్రెలున్న ప్రతి ఇంటివాళ్లూ ఆ పని చేసేవాళ్లు. అడవి గార్డు ఒప్పుకోడు కాబట్టి చాటుగా చేసేవాళ్లు. దానికో పద్ధతి ఉంది. కాల్చబోయే ముక్క చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి గీకి, నేల కనిపించేట్టు చేసి, అప్పుడు నిప్పు పెట్టాలి. ఆ రోజు నాన్న గీకలేదు.

"గీక్కుంటా కూర్చుంటే పొద్దుగూకుద్ది. గార్డు మాచర్ల పోయుండాడు, వచ్చేలోపు కానిద్దాం," అన్నాడు.

గాలి లేదు. మూడు గంటలకు వచ్చింది. ఆ తర్వాత కొండ మూడు రోజులు కాలింది.

మునసబుగారి గొర్రెలు నలభై ఒకటి మంటకు బెదిరి లోయలోని మడుగు దగ్గరికి దిగాయి. వాటికి మంట తగల్లేదు. పొగ పట్టుకుని నీళ్లలోనూ గట్టు మీదా పడి చచ్చాయి. మా గొర్రెలు ఏడు పోయాయి. కొండ నడుమ తేనెబండ అని నిట్టనిలువు రాయి ఉంది. దాని మీద ఆ ఏడు పెద్ద తేనెపట్లు పదకొండు ఉన్నాయి. మంట బండను ఎక్కలేదు గానీ కింది చెట్ల వేడి ఎక్కింది. మైనం కరిగి బండ పొడవునా నల్లటి చారలు కారాయి. ఆ చారలు కూడా లెక్కపెట్టాను. పదకొండే.

ఆ పట్లు మా మేనత్తవి. నాకు ఆరో ఏట అమ్మ పోతే పెంచింది అత్తే. నాన్నకు చెల్లెలు, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆమె భర్త తాడు కట్టుకుని బండ మీద నుంచి దిగి తేనె కోసేవాడు. పైన తాడు పట్టుకునే మనిషి మా నాన్న. మా వైపు కట్టడి అది. తేనె కోసేవాడి తాడు సొంత అన్నదమ్ములు పట్టుకోకూడదు, భార్య తోడబుట్టినవాడే పట్టుకోవాలి. చెల్లెలి తాళి తెగుతుందని తెలిసినవాడు తాడు వదలడు గదా అని పెద్దల లెక్క. నాన్న తొమ్మిదేళ్లు పట్టుకున్నాడు, ఒక్కసారీ వదల్లేదు. మామ చివరికి చలిజ్వరంతో ఇంట్లోనే పోయాడు. ఆ తర్వాత అత్త మా ఇంటికి వచ్చింది. బండ కింది అంచున నిలబడి, పచ్చి ఆకుల పొగకట్టను గడకు కట్టి, చేతికందిన పట్లు మాత్రం కోసేది. నాకు అంకెలు నేర్పింది ఆ పట్లు చూపించే.

ఏప్రిల్ 3, మంగళవారం, గార్డు చావిడికి వచ్చాడు. మడత కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు.

"నాకు పేరొకటి కావాల. రాసుకుని పోతా," అన్నాడు.

మునసబు నిలబడే ఉన్నాడు. "నా గొర్లు నలభై ఒకటయ్యా. ఎవురో ఒప్పుకోకపోతే ఊరందరి పేర్లూ రాసుకో."

నాన్న నేల చూస్తూ, "మా చెల్లెలు శనివారం పొగకట్ట పట్టుకుని బండ కాడికి పోయింది," అన్నాడు.

శనివారం ఆ వేళ అత్త ఇంట్లో జొన్నలు విసురుతోంది. నేను నోరు తెరిచాను. పక్కనే కూర్చున్న అత్త నా మోచేతి పైన కండ పట్టుకుని మెలిపెట్టింది. నొప్పికి కళ్లల్లో నీళ్లు వచ్చాయి, మాట రాలేదు.

"అవునయ్యా. నేనే. నిప్పురవ్వ జారింది," అంది.

గార్డు వేలిముద్ర వేయించుకున్నాడు, తేనె కోసే కత్తి తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆయనకు కావలసింది అంతే. మిగతాది ఊరు చూసుకుంది.

"కొండ మీద తేనెటీగ లేకుండా చేసింది," అన్నాడు మునసబు. "తేనెటీగ మళ్లీ కొండకొచ్చిందాకా ఈ మడిసి ఊళ్లో అడుగు పెట్టగూడదు. వచ్చిన్నాడు రావచ్చు."

"అప్పటికి ముసల్దయిపోద్దిలే మామా," అని ఎవరో అన్నారు. నవ్వారు. నాన్న కూడా కొంచెం నవ్వాడు. అది నేను చూశాను.

ఇంట్లో అత్త చీరలు రెండు మూట కట్టుకుంటుంటే నేను ఏడ్చాను.

"నిప్పు పెట్టింది నాన్న. పోయి చెప్తా."

"నోరు మూసుకోవే. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు. మీ నాన్నని ఎళ్లగొడితే నీకు గంజి ఎవురు పోస్తారు? గార్డు పోస్తాడా?" అంది. గడప దిగాక వెనక్కి తిరిగింది. "పురుగులేగా, రెక్కలుండాయి, వస్తాయి. నువ్వు లెక్కలదానివి గదంటే. కూర్చుని లెక్కబెట్టు. తేనెటీగ కనపడిన్నాడు పోయి మునసబుకి చెప్పు."

మర్నాడు నడికుడి దగ్గర సున్నపు బట్టీల్లో పనికి చేరింది. అత్త వెళ్లేటప్పుడు నాన్న గొర్రెల దొడ్డి కంప సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

అత్త చెప్పిన పని నేను చేశాను. తేనెబండ కింద తంగేడు మోళ్లు ఉన్నచోట నాలుగు రాళ్లు పెట్టి, ఒక్కో వైపు నాలుగు మూరల చదరం గుర్తుపెట్టుకున్నాను. ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లి, ఆ చదరం పక్కన గొంతుక్కూర్చుని, ఆరువందల దాకా మనసులో అనుకుంటూ, ఆ లోపు కనిపించిన ప్రాణులన్నింటినీ వేళ్ల మీద లెక్కపెట్టేదాన్ని. ఇంటికొచ్చి వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని. బొగ్గు కొండదే.

ఏప్రిల్ 8న బూడిద పైన చల్లగా, లోపల వెచ్చగా ఉంది. ఈగలు ఎక్కువ, అవి మడుగు దగ్గరి గొర్రెల కోసం వచ్చినవి. వాటిని కలుపుకోలేదు. చీమలు పదిహేడు. మంట పైన పోతుంటే చీమలు కింద ఉన్నాయి. బూడిదలో కన్నాలు తీసుకుని వచ్చి, కాలిన పురుగుల గుండ్లు మోసుకుపోతున్నాయి. కాలినవాటిని మిగిలినవి తింటున్నాయి. చెదపుట్టలు పైన ఇటుకలా కాలి, లోపల చెక్కు చెదరలేదు. కాలుతో తన్ని చూశాను, చెదలు బిలబిల వచ్చాయి.

మూడో ఆదివారానికి కాలిన తునికి మానుల్లోంచి ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు మొదలైంది. చెవి ఆనించి విన్నాను. బెరడు కింద పురుగులు తొలుస్తున్నాయి. మానుల మొదళ్ల దగ్గర పిండిలాంటి పొట్టు రాలి ఉంది. నల్లటి పెంకుపురుగులు ఎక్కణ్ణుంచో వచ్చి ఆ మానుల మీదే వాలుతున్నాయి. పచ్చని చెట్టుండగా వాటిని నేనెప్పుడూ చూడలేదు. ఒక చెట్టు చస్తేనే వచ్చే పురుగులు ఉంటాయని అప్పుడు తెలిసింది.

మే 13న పెద్ద వాన పడింది. వారంలో గడ్డి మొలిచింది. నాన్న నా వెంట వచ్చి చూసి, "చూశావంటే, ఎంత బాగొచ్చిందో," అన్నాడు. నిజంగానే బాగా వచ్చింది. చదరంలో మిడతపిల్లలు ఇరవై తొమ్మిది. పేడపురుగు ఒక్కటీ లేదు, మేసే గొర్రె ఉంటే గదా పేడ. కీచుమనే ఇలకోడి పురుగు కూత లేదు. పొద్దున అంత నిశ్శబ్దంగా ఉండే కొండను నేను తర్వాత కూడా చూడలేదు.

జూన్‌లో చెదపుట్టల నుంచి ఉసిళ్లు లేచాయి. కొండ కాలిందని వాటికి తెలిసినట్టు లేదు, ప్రతి ఏటి లాగే లేచి, ప్రతి ఏటి లాగే రెక్కలు రాల్చుకున్నాయి. ఆరుద్ర కార్తెలో ఎర్ర ముఖమల్ గుడ్డలా ఉండే ఆరుద్ర పురుగులు కిందటేడు దోసిళ్లకొద్దీ ఏరి ఆడుకున్నాం. ఈసారి చదరంలో లేవు. మంట ఆగిపోయిన వాగు గట్టు దాకా వెతికితే తొమ్మిది దొరికాయి. అన్నీ వాగుకు అవతలి వైపే.

మడుగులో గొర్రెల ఎముకలు బయటపడ్డాయి. ఆ నీళ్లు కుళ్లి నల్లగా ఉండేవి. జులైలో ఆ నీళ్లలో పొడుగు తోకలున్న తెల్లటి పురుగులు పుట్టాయి. తోక పైకి పెట్టుకుని, నీళ్లలోంచి గాలి పీల్చేవి. చిన్న పుల్లతో ఒకదాన్ని తీసి చూసి, వాంతి వచ్చి, పారేశాను. గోడ మీద వాటికి గీతలు గీయలేదు. చదరానికి బయటివి, పైగా అసహ్యం. నా లెక్కలో మొదటి తప్పు అదే.

ఆగస్టు చివరికి తంగేడు మోళ్లు కొత్త కొమ్మలు వేసి పూశాయి. పసుపు సీతాకోకచిలుకలు వచ్చాయి, మొదటి వారం ఆరు, రెండో వారం ముప్పై. కందిరీగలు నాలుగు. సెప్టెంబర్ 16, ఆదివారం, ఆ పూల మీద అవి కనిపించాయి. గోధుమరంగు ఒళ్లు, పొట్ట మీద నల్లటి చారలు, కాళ్లకు పసుపు పొడి, పువ్వు నుంచి పువ్వుకు. ఆరువందలు లెక్కపెట్టేలోపు నలభై మూడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాను. నలభై ఒకటి. మూడోసారి నలభై మూడు.

ఇంటికి పోలేదు, నేరుగా మునసబు అరుగు దగ్గరికి పరిగెత్తాను.

"తేనెటీగలు వచ్చినయ్ తాతా. నలభై మూడు."

"సరే, పిలిపిస్తా. బుధవారం అందరం పోయి చూద్దాం," అన్నాడు.

బుధవారం పొద్దున అత్త వచ్చింది. ఐదున్నర నెలల తర్వాత చూశాను. వేళ్ల సందుల్లో సున్నం తిన్న పుండ్లు, కనుబొమల మీద తెల్లటి పొడి. ఊరి బయటే ఆగి నన్ను పిలిచింది.

"ఎన్నే?"

"నలభై మూడు."

"బాగా చూశావా?"

"మూడుసార్లు."

"అబ్బో! మునసబు గొర్ల కంటే రెండెక్కువే," అని నవ్వింది. నా చెయ్యి పట్టుకుంది. మూటలో బట్టలన్నీ తెచ్చుకుంది. మళ్లీ పోయే పని లేదనుకుంది.

మునసబు, నాన్న, ఇంకో పదిమంది కొండెక్కాం. తంగేడు పొదలు ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగానే అత్త ఆగింది. తల ఒక పక్కకు వంచి వింది. పద్నాలుగేళ్లు తేనెటీగల మధ్య బతికిన మనిషి. వాటి రొదకూ వేరే రొదకూ తేడా ఆమెకు కళ్లు అక్కర్లేకుండానే తెలుస్తుంది. నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అవుగో," అని నేను వేలు చూపించాను. గొంతులో ఎంత సంబరం ఉందో నాకిప్పటికీ వినిపిస్తుంది.

"కుడతాయేమో మామా, జాగర్త," అన్నాడొకడు.

మునసబు పువ్వు మీద ఉన్నదాన్ని గుప్పిట్లో పట్టేశాడు. కాసేపు అట్లాగే ఉంచాడు. కుట్టలేదు. దాన్ని వేళ్లతో నలిపి నా అరచేతిలో పెట్టాడు.

"లెక్కలదానివి గదా. రెక్కలెన్నో చెప్పు."

"రెండు."

"తేనెటీగకెన్ని ఉంటాయి?"

నాకు తెలియదు. ఇరవై నాలుగు వారాలు పురుగుల్ని లెక్కపెట్టాను, రెక్కల్ని లెక్కపెట్టలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు అత్త నా బదులు చెప్పింది.

"నాలుగు."

"తెలుసన్నమాట," అన్నాడు మునసబు. "ఇది ఈగ. మురుగు నీళ్లలో పుట్టే ఈగ. నా గొర్లు కుళ్లిన మడుగులో పుట్టింది. తెలిసుండీ పిల్లతో అబద్ధం చెప్పిచ్చి ఊళ్లోకి దూరదామనుకుంది."

"లేదు తాతా, నేనే..." అన్నాను.

"పిల్లకి బాగానే నేర్పింది," అన్నారు వెనక నుంచి. పకపకా నవ్వారు. ఒకతను నా చదరంలోని రాళ్లను కాలితో తన్ని లోయలోకి దొర్లించాడు.

మునసబు నాన్న వైపు తిరిగాడు. "నీ చెల్లెలేగా. మొహానికి బొగ్గు నువ్వే పుయ్యి."

నాన్న వెనకాడలేదు. కాలిన తునికి మాను దగ్గరికి వెళ్లి బెరడు పీకాడు. పురుగులు తొలిచేసిన మాను, చేతిలోకి పొడిగా వచ్చింది. అందులోంచి తెల్లటి పురుగొకటి ఆయన బొటనవేలి మీద పడింది, విదిలించాడు. ఆ పొడి అత్త నుదుటికి, రెండు బుగ్గలకు, గడ్డానికి పూశాడు. అత్త కళ్లు మూసుకుంది, చంటిపిల్లకు మొహం కడిగేటప్పుడు మూసుకున్నట్టు. కనుబొమల మీది సున్నంతో కలిసి బూడిదరంగు అయింది.

ఆ చెయ్యే తొమ్మిదేళ్లు తాడు పట్టుకుంది.

"ఇంక జన్మలో పొలిమేర తొక్కమాక," అన్నాడు మునసబు.

ఆమె ఒక్క మాట అని ఉంటే చాలు. నేను అని ఉన్నా చాలు. నేను నాన్నను చూశాను. ఆయన బొగ్గు చేతులు పంచెకు తుడుచుకుంటున్నాడు. సాయంత్రం జొన్నసంకటి పెట్టేది ఆ చేతులే. నోరు మూసుకున్నాను. ఈసారి ఎవరూ మెలిపెట్టలేదు.

కొండ దిగేటప్పుడు అత్త నాతో చివరి మాట అంది. "నలభై మూడు తప్పు గాదే. లెక్క సరిగ్గానే ఉంది. పురుగు వేరు, అంతే." అలా అంటే నాకు ఊరటగా ఉంటుందనుకుంది. డెబ్బై ఏళ్లుగా ఆ మాటే నన్ను కొరుకుతోంది.

నవంబర్ 11, ఆదివారం, బట్టీల్లో పనిచేసే ఒకామె మా వీధికి సున్నం అమ్మవచ్చి కబురు చెప్పింది. అత్త సున్నం నానబెట్టే గుంట గట్టున కాలు జారి పడింది. నడుము దాకా కాలింది. పడింది సోమవారం, పోయింది గురువారం, నవంబర్ 8. దహనం బట్టీల వాళ్లే చేశారు. అంతా విని నాన్న, "సున్నం ఎంతకిస్తావ్?" అని అడిగాడు. ఆ వారంలోనే ఇంటికి వెల్ల వేశాడు. వెనక గోడకు కూడా వేశాడు. నా గీతలన్నీ పోయాయి. ఇక్కడ రాసిన అంకెలు గుర్తు మీద రాసినవి, కానీ తప్పులు లేవు.

నేను కొండకు వెళ్లడం మానలేదు. ఇక ఎవరూ రావలసింది లేకపోయినా కొత్త రాళ్లు పెట్టి అదే చోట కూర్చున్నాను. రెండో ఏడు గొర్రెలు ఎక్కాయి, పేడపురుగులు వచ్చాయి. కాలిన మానులు కూలి, నల్ల పెంకుపురుగులు వెళ్లిపోయాయి. వాటి కన్నాల్లో చిన్న కందిరీగలు మట్టి పెట్టుకుని గూళ్లు కట్టాయి. ఇలకోళ్లు రెండో వేసవిలో కూశాయి. ప్రతిదీ తన వంతు వచ్చినప్పుడే వచ్చింది. దేని వంతు ఎప్పుడో తెలిసి ఉంటే నేను మునసబు అరుగు దగ్గరికి పరిగెత్తేదాన్ని కాదు. చారల ఈగలు కుళ్లు నీళ్లలోని ఆ తోకపురుగుల నుంచి వస్తాయి. తేనెటీగలు రావాలంటే కొండ నిండా పూత ఉండాలి. మధ్యలో ఎడం పదిహేడు నెలలు.

1947 ఫిబ్రవరి 9, ఆదివారం, తేనెబండ మీద, ఎడమ నుంచి మూడో నల్లటి చార పక్కన, ఒక పట్టు పడింది. కింద రాలి చచ్చిన పురుగు ఒకటి దొరికింది. గడ్డిపోచతో రెక్కలు విడదీసి చూశాను. నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు. కానీ పట్టు అందరికీ కనిపిస్తుంది గదా. నెల తిరక్కుండా నాన్న పొగకట్ట పట్టుకుని వెళ్లాడు. పోతూ నన్ను పిలిచాడు, "గడ పట్టుకుందువు రావే," అని. పట్టుకున్నాను. కోసిన తేనెలో మొదటి చెంబు మునసబు ఇంటికి వెళ్లింది. ఆయన నాకు ఆకు మీద ఇంత వేసి, "తిను, లెక్కలదానా. ఇప్పుడొచ్చినయ్ నిజం తేనెటీగలు," అన్నాడు. తిన్నాను. తియ్యగానే ఉంది.

పోయినవి ఇవి. మునసబుగారి గొర్రెలు, నలభై ఒకటి. మావి, ఏడు. తేనెపట్లు, పదకొండు. తిరిగి వచ్చింది ఒకటి, అదీ మేమే కోశాం. తునికి మానులు, నేను చుట్టూ తిరిగి లెక్కపెట్టగలిగినంతలో, రెండు వందల పద్నాలుగు. వాగుకు ఇవతల ఆరుద్ర పురుగులు, నేను పెళ్లయి ఊరు విడిచేదాకా చూసినంతలో, అన్నీ. మేనత్త, ఒకరు.